పెద్దాయన మోచెయ్యి

పాడ్యమి

పొద్దున్నే మా ఆయనకు జబ్బని తేలింది. జబ్బేమిటంటే, చెయ్యి పూర్తిగా చాపగలగడం.

రోజూలాగే సైరన్ మోగాక మంచినీళ్ళ గేటు దగ్గర వరసలో నిలబడ్డాం. మా కొత్త కోరంగిలో గేటు ఏదైనా తంతు ఒకటే. స్తంభంలో చెయ్యి పెట్టాలి, అరచెయ్యి పైకి తిప్పి మోచెయ్యి చాపాలి, పచ్చలైటు వెలిగితే బిందె నింపుకోవాలి. నాకు వెలిగింది. నా మోచెయ్యి చిన్నప్పుడు పడవ మెట్ల మీద విరిగి కాస్త వంకరగానే అతికింది కాబట్టి నేను ఆరోగ్యవంతురాలిని. మా ఆయన పోలయ్య పెట్టాడు. లోపలి మెత్తటి పట్టీ ముంజేతిని పట్టుకుని, ఎక్కడ ఆగుతుందో చూద్దామని చివరిదాకా నెట్టింది. కర్రలా తిన్నగా సాగింది ఆయన చెయ్యి. ఎర్రలైటు.

"అతిచాపు" అంది స్తంభం.

వెనక నిలబడ్డ నరసాయమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది, అంటుకుంటుందేమోనని.

"ఇదేటే ఏణీ, నిన్నటిదాకా బానే ఉన్నాను గదా?" అన్నాడు పోలయ్య.

"నువ్వు బానే ఉన్నావయ్యా. పెద్దాయన మోచెయ్యే ఇంకాస్త బిగిసింది" అన్నాను, నరసాయమ్మకు వినపడకుండా.

సముద్రం మీద పలకలు పరిచి ఈ ఊరు కట్టినప్పుడు, మనిషి చెయ్యి ఎలా ఉండాలో స్తంభాలకు నేర్పాల్సొచ్చిందట. ఎవరి చెయ్యి చూపించాలి? ఊరు కట్టించిన పెద్దాయనదే చూపించారు. అప్పటినుంచీ ప్రతి అమావాస్యకూ ఆయన సభామంటపంలో మూలస్తంభంలో చెయ్యి పెడతారు, ఊళ్ళో స్తంభాలన్నీ ఆ కొలతకు సర్దుకుంటాయి. చేతికి కూడా ముసలితనం వస్తుందన్న ముక్క ఆ ఇంజనీర్లలో ఒక్కడికీ తట్టలేదు. తట్టినవాడు నోరు మూసుకుని ఉంటాడు.

వరసగా రెండు అమావాస్యలు కొలత తప్పితే కట్టుశాలకు పంపుతారు. అక్కడ మోచెయ్యి వంచి సిమెంటు కట్టు వేస్తారు, కీలు బిగిసి కొలతకు వచ్చేదాకా తియ్యరు. అన్నాళ్ళు కట్టులో ఉన్న మోచెయ్యి మళ్ళీ చాపుకోదు. ఈ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? నేను లైసెన్సు ఉన్న కీళ్ళ మేస్త్రిని, మోచేతులూ ముంజేతులూ నా విభాగం. భుజం ముట్టుకుంటే జరిమానా, అది పక్క వీధి వాళ్ళది.

మేస్త్రులు రోజూ చేసిన పని రాసిపెట్టాలని సంఘం నియమం. చదివేవాడెవడూ లేడు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

తదియ

నా పని తలకిందులైంది. ఇరవై ఏళ్ళు బిగిసిన మోచేతులు సాగదీసి బతికాను. ఇప్పుడు సంఘం నుంచి తాఖీదు: చాపుకొనే చేతుల్ని 'ప్రామాణికానికి' తేవలెను. అంటే బాగున్న కీలు పాడుచెయ్యాలి. నేను చెయ్యను, చేసినట్టు రాస్తాను. ఇవాళ వచ్చినవాళ్ళ ముంజేతులకు నూనె రాసి, మణికట్టు నిమిరి, "రోజూ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించండి" అని పంపించాను. ఆలోచన అలవాటు లేనివాళ్ళు చెయ్యి నొప్పెడుతోందని సాయంత్రానికే తిరిగొచ్చారు.

నరసాయమ్మ మాత్రం మోచెయ్యి చంకలో పిల్లని ఎత్తుకున్నట్టు వంచుకుని ఊరంతా తిరుగుతోంది. "మా ఇంటా వంటా అందరిదీ పెద్దాయన వంకేనమ్మా" అంటుంది. దర్జీలు జాకెట్టు చేతులు వంకర పెట్టి కుడుతున్నారు. బట్టలారేసే తాళ్ళు అందడం లేదని మా వరస ఇళ్ళవాళ్ళందరూ కిందికి దించి కట్టుకున్నారు. తడి లుంగీలు నడిచేవాళ్ళ మొహాలకు తగులుతున్నాయి. యథా రాజా తథా ప్రజా అన్నారు కానీ, రాజుగారి కీళ్ళవాతం కూడా పంచుకోవాలని ఎవరూ అనలేదు.

పోలయ్య మాత్రం వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. మునిగిపోయిన పాత ఊళ్ళ మీద మిషన్లు వేటాడలేవు, కరెంటు స్తంభాలకూ కొబ్బరి మోళ్ళకూ చిక్కుకుంటాయి. అక్కడ మనిషి విసురువలే దిక్కు. వల విచ్చుకోవాలంటే వదిలే క్షణాన మోచెయ్యి పూర్తిగా సాగాలి, ముంజెయ్యి గిర్రున తిరగాలి. లేకపోతే వల ముద్దలా పడుతుంది, చేపలు చూసి నవ్వుకుంటాయి.

"కట్టేసేత్తే ఏం జేత్తావు?" అనడిగాను.

"ఎడంసేత్తో ఇసురుతాను."

"నీ మొహం. ఎడంసేత్తో నువ్వు అన్నమే తినలేవు."

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నాకు భయమేస్తోంది, అది ఆయనకు చెప్పలేదు.

షష్ఠి

సభామంటపం కార్యదర్శి సాంబమూర్తి గారు మా ఇంటికొచ్చారు. గుమ్మంలో నిలబడే మాట్లాడారు, లోపల అతిచాపు రోగి ఉన్నాడని.

"సత్యవేణి గారూ, మీ సేవలు పెద్దాయన గారికి అవసరమయ్యాయి."

"మోచెయ్యి బిగిసిందాండీ?"

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "పెద్దాయన మోచెయ్యి బిగియదు. ఆయన మోచెయ్యి ఎలా ఉంటే సరైన మోచెయ్యి అలా ఉన్నట్టు."

"మరి నన్నెందుకు పిలుస్తున్నారండీ?"

"ఆయన సరిగ్గానే ఉన్నారు. ఆ సరిగ్గా ఉండటం వల్ల కొంచెం ఇబ్బంది పడుతున్నారు." కండువాతో మెడ తుడుచుకున్నారు. "వైద్యం అనే మాట మీ నోట రాకూడదు. హస్తసేవ అనండి."

సరే, హస్తసేవ. పేరు ఏదైతే నాకేం? వినగానే ఒకటే అనుకున్నాను. ఆ మోచెయ్యి చాపుకుంటే అమావాస్యకు కొలత మారుతుంది, కొలత మారితే నా మొగుడి చెయ్యి దక్కుతుంది.

సప్తమి

పెద్దాయన అన్నం ముందు కూర్చుని ఉన్నారు. కంచంలో వేడన్నం, మాగాయ, నెయ్యి. పక్కన ఒక నౌకరు చెంచాతో సిద్ధంగా ఉన్నాడు. ఎనభై దాటిన మనిషి, ఫోటోల్లో కంటే చాలా చిన్నగా ఉన్నారు.

"ఇటు చూడమ్మాయ్" అన్నారు. ముద్ద కలపబోయారు. కలిపారు కానీ, ముద్దను పైకెత్తి నోటివైపు తిప్పబోతే అరచెయ్యి తిరగలేదు. ముద్ద కంచంలో పడింది. "సంవత్సరం అయ్యింది నా చేత్తో నేను తిని. ఈ ఊరంతా నేను పెట్టిన తిండి తింటోందని వీళ్ళు పాటలు రాస్తారు. నేను మాత్రం వీడి మోచేతి కింద నీళ్ళు తాగుతున్నాను."

సాంబమూర్తి గారు దగ్గారు.

చెయ్యి నా చేతుల్లోకి తీసుకున్నాను. పూర్తిగా వంగదు, పూర్తిగా చాపుకోదు, మధ్యలో ఎక్కడో నిలిచిపోయింది. దెబ్బ తగల్లేదట, జ్వరం రాలేదట. మరేమిటా అని గది చూస్తే అర్థమైంది. గోడలనిండా ఆయన ఫోటోలు, అన్నింట్లోనూ ఒకటే భంగిమ: మోచెయ్యి వంచి, అరచెయ్యి ముందుకు చూపించి, అభయహస్తం. జనం కనపడితే అభయం, కెమెరా కనపడితే అభయం. ఊరంతటికీ అభయమిచ్చి ఇచ్చి ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

మోచెయ్యి అలిగే కీలు. గుంజితే ఇంకా బిగుసుకుంటుంది. కూర్చోబెట్టి, ఆయనకు హాయిగా ఉన్న వంపులోనే చెయ్యి ఉంచాను. ఒక చేత్తో జబ్బ కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో ముంజేతిని మోచేతికి దగ్గరగా పట్టి, లోపలి ఎముకను దాని గూటిలోంచి వెంట్రుకవాసి ఎడంగా లాగి వదలడం, లాగి వదలడం. బయటివాళ్ళకు నేనేమీ చెయ్యనట్టే కనిపిస్తుంది.

"ఏమీ చెయ్యట్లేదు కదా?" అన్నారు సాంబమూర్తి గారు, అనుమానంగా.

"అవునండి, సేవ" అన్నాను.

ఏకాదశి

ఇవాళ ముంజెయ్యి పట్టుకున్నాను. అందులో ఎముకలు రెండు, ఒకటి ఊరుకుంటే రెండోది దాని చుట్టూ తిరగాలి. అప్పుడే అరచెయ్యి పైకి వస్తుంది. తిరగాల్సిన ఎముకకు మోచేతి దగ్గర గుండ్రటి తల ఉంటుంది. దాన్ని బొటనవేలితో ముందుకు జార్చాలి, మణికట్టు దగ్గర అదే ఎముకను వెనక్కి జార్చాలి. మెత్తగా, అదే పనిగా, ఊయల ఊపినట్టు.

పెద్దాయన కళ్ళు మూసుకుని మాట్లాడుతూనే ఉన్నారు. "జనానికి నా మీద అభిమానం ఎక్కువమ్మాయ్. నన్ను చూసి అందరూ చేతులు వంచుకుంటున్నారంట."

ఇక ఊరుకోలేకపోయాను. "అభిమానం కాదండీ, నీళ్ళు. వంగకపోతే గేటు తెరుచుకోదు. మా ఆయన చెయ్యి చాపుకుంటుందని ఈ అమావాస్యకు కట్టేస్తారు. వల విసిరే చెయ్యండీ ఆయనది."

ఆయన కళ్ళు తెరిచారు. "కట్టా? నేను చెప్పలేదే! సాంబమూర్తీ, ఆపించు."

"అలా కుదరదండయ్యా" అన్నారు సాంబమూర్తి గారు చేతులు నలుపుకుంటూ. "మీ మాటకు కొలత ఏముంటుంది? మీ చేతికే ఉంటుంది. తమరు ఏం మార్చాలన్నా చేత్తోనే మార్చాలి."

పెద్దాయన తన చెయ్యి వంక చూసుకున్నారు. అప్పుడు ఆ ముసలాయన మీద జాలేసింది. ఈ ఊరంతా ఆ చెయ్యి మాట వింటుంది, ఆ చెయ్యి మాత్రం ఆయన మాట వినదు.

పౌర్ణమి

అరచెయ్యి తిరిగింది!

మాగాయన్నం ముద్ద ఆయనే ఎత్తారు, ఆయనే తిన్నారు. సగం గడ్డం మీద పడింది. నౌకరు చెంచా పట్టుకుని ఎటు పోవాలో తెలీక నిలబడ్డాడు. పెద్దాయన ముక్కు ఎగబీలుస్తూ, కారం వల్ల అన్నారు. నాకూ కళ్ళు చెమర్చాయి, నేను తినకపోయినా.

మోచెయ్యి కూడా కదులుతోంది. నిలువుగా చాపుకోవడానికి ఇంక జానెడు దూరం కూడా లేదు. ఇంటికొచ్చి పోలయ్యతో చెప్పాను.

"అమావాస్యకి అయిపోద్దంటావా?"

"అయిపోద్ది. ఈలోపు ఆయన్ని కదపకుండా ఉంటే."

బహుళ చవితి

కదిపారు. ఊరు కట్టిన రోజని ఉత్సవం పెట్టి, పెద్దాయన్ని పడవ మీద నిలబెట్టి, ఊరి చుట్టూ తిప్పారు. పొద్దుటినుంచి పొద్దువాలేదాకా అభయహస్తం. చెయ్యి బరువెక్కి వాలిపోకుండా మోచేతి కింద ఊతకర్ర పెట్టారట, ఆ కర్రకు బంగారు రేకు చుట్టారట.

నేను వెళ్ళేసరికి మోచెయ్యి వాచి వేడెక్కి ఉంది. సాంబమూర్తి గారి మీద ఎంత కోపమొచ్చిందంటే, ఆయన మోచెయ్యి నా విభాగంలోకే వస్తుందని గుర్తొచ్చి చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"బుద్ధుందాండీ మీకు? ఇన్నాళ్ళ పని బూడిదలో పోశారు కదండీ!"

"అమావాస్య ఇంకా దూరముందిగా. ఒక్క గుంజు గుంజి చాపెయ్యండి" అన్నారు తాపీగా. "మనుషుల్ని పిలిపించమంటారా? నలుగురు పడితే..."

"నలుగురు పడితే అది చెయ్యి అవ్వదండీ, బెడ్డ అవుతుంది. వాచిన మోచేతిని గుంజితే కండలో ఎముక పుడుతుంది. ఆ తర్వాత మీ బంగారు కర్ర కూడా అక్కర్లేదు, దానంతటదే నిలబడుతుంది."

ఆయన ముఖం చూస్తే, ఆ మాట నచ్చినట్టే ఉంది. పెద్దాయన మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "నువ్వు చేసేదే చెయ్యమ్మాయ్. ఎంత వస్తే అంతే."

చన్నీళ్ళ గుడ్డ చుట్టి ఇంటికొచ్చాను. రెండు మూడు రోజులు ముట్టుకోకూడదు. ఊరుకోవడం కూడా పనిలో భాగమే, కానీ దాని అంత కష్టమైన పని నేనెప్పుడూ చెయ్యలేదు.

చతుర్దశి

వాపు తగ్గేసరికి దశమి దాటింది, అప్పుడు మళ్ళీ మొదలుపెట్టాను. కానీ పౌర్ణమి నాటికి ఉన్నంత కూడా రాలేదు. రేపు రాదు. నాకు తెలుసు, పెద్దాయనకూ తెలుసు.

సాయంత్రం పోలయ్య నన్ను తెప్ప మీద తీసుకెళ్ళాడు. అడుగున పాత ఊరి మేడకప్పులు కనపడే చోట నిలబడి వల విసిరాడు. పూర్తిగా విచ్చుకుని నీళ్ళ మీద గుండ్రంగా పరుచుకుంది. పెళ్ళైన కొత్తలో ఆ చెయ్యి అలా సాగడం చూసే నేను ఈ మనిషిని చేసుకోవడం మంచిపనే అనుకున్నాను. ఇవాళ చూడలేక నీళ్ళవైపు తిరిగాను.

"ఏడత్తన్నావేటే?"

"లేదు."

"రేపటికి సేపలుంటాయి. ఎల్లుండి సంగతి ఎల్లుండి సూత్తాం" అన్నాడు.

"పారిపోదాం పద" అన్నాను.

"ఎక్కడికే? ఏ గేటు తెరుచుకుంటాది మనకి?"

చీకటి పడకముందే ఇంటికొచ్చాం. చేపల పులుసు కాచాను, ఉప్పెయ్యడం మరిచిపోయాను, ఆయన అలాగే తిన్నాడు.

అమావాస్య

సభామంటపం కిటకిటలాడింది. పోలయ్యను పొద్దున్నే కట్టుశాలకు తీసుకుపోయారు. కొత్త కొలత రాగానే చివరిసారి పరీక్షించి కట్టు వేస్తారు. అప్పటికే అక్కడ సిమెంటు కలుపుతున్నారట.

పెద్దాయన మూలస్తంభంలో చెయ్యి పెట్టారు. పట్టీ ముంజేతిని పట్టుకుని నెట్టింది. సగంలోనే ఆయన "అబ్బా" అన్నారు, నొప్పికి కండ బిగిసి చెయ్యి రాయైపోయింది. అక్కడే కొలత పడితే మా ఆయన పని అయిపోయినట్టే.

"అమ్మాయ్, ఇలా రా" అని పిలిచారు. సాంబమూర్తి గారు అడ్డం రాబోయారు కానీ, హస్తసేవ అని పేరు పెట్టింది ఆయనే కదా, సభలో సేవను ఎలా ఆపుతారు?

జబ్బ పట్టుకున్నాను. ముంజేతిని పట్టీ మీదుగానే పట్టుకున్నాను. చాపాలని చూడలేదు. నాకొచ్చిందే చేశాను: కొంచెం ఎడం చేసి, కొంచెం జార్చి, ఊపు. చాపడం, వంచడం, ఇంకాస్త చాపడం, మళ్ళీ వంచడం. అరచెయ్యి కొంచెం ఇటు, కొంచెం అటు. జనం గొణుక్కుంటున్నారు. స్తంభం మాత్రం టిక్కు టిక్కుమంటోంది. అది పాపం చెయ్యి ఆగిన చోటల్లా, ఇదే చివర అనుకుని కొలత రాసుకుంటోంది. నాకది సగంలో అర్థమైంది. అర్థమయ్యాక ఇంకా ఎక్కువ వంచాను, ఇంకా నెమ్మదిగా వదిలాను.

"హాయిగా ఉందమ్మాయ్" అన్నారు పెద్దాయన. నిన్నటిదాకా అడ్డుపడింది కీలు కాదు, నొప్పికి జడిసిన కండే; అది ఇప్పుడు నొప్పి మరిచి పట్టు వదిలేసింది. ఆఖరి ఊపుకు మోచెయ్యి మెత్తగా పూర్తిగా చాపుకుంది. టిక్కు.

పచ్చలైటు వెలిగింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా కట్టుశాలకు పరుగెత్తాను. సాంబమూర్తి గారూ నా వెనకే, వంచిన చెయ్యి ఊపలేక ఒక పక్కకు ఒరిగి పరుగెత్తారు.

అక్కడ మా ఆయన స్తంభం ముందు నిలబడి ఉన్నాడు. కట్టు మేస్త్రి అప్పన్న తొట్టెలో సిమెంటు కలుపుతున్నాడు. పట్టీ పోలయ్య చేతిని నిలువునా సాగదీసింది.

పచ్చ.

"మళ్ళీ పెట్టించు" అన్నారు సాంబమూర్తి గారు రొప్పుతూ.

మళ్ళీ పచ్చ. సగం వంచి పెట్టమన్నారు, పచ్చ. తన చెయ్యి తనే పెట్టి చూసుకున్నారు, పచ్చ. అప్పన్న చెయ్యి పెట్టాడు, పచ్చ. వరసలో ఉన్న రోగులందరూ ఒకరి తర్వాత ఒకరు పెట్టారు. తిన్నటి చేతులకూ, వంకర చేతులకూ, నా అతుకుల చేతికీ అదే పచ్చ.

"ఈ కొలత తప్పు!" అని అరిచారు సాంబమూర్తి గారు.

"పెద్దాయన చెయ్యి తప్పంటారాండీ?" అనడిగాను, వీలైనంత అమాయకంగా.

హాలంతా ఆయన వంక చూసింది. ఆయన గబగబా చెంపలేసుకున్నారు. "ఛ ఛ, ఆయన చెయ్యి తప్పేమిటి."

"మరి జబ్బు మాకాండీ? పచ్చలైటు వెలిగింది గదా?" అన్నాడు పోలయ్య.

"మీక్కాదు..."

"బాబుగారూ, తొందరగా తెమల్చండి" అన్నాడు అప్పన్న. "సిమెంటు గట్టిపడిపోతంది. కలిపిన సిమెంటు కట్టకపోతే నా మీదకొత్తాది. ఎవరికో ఒకరికి కట్టాలి."

సాంబమూర్తి గారు మమ్మల్నందర్నీ ఒక్కొక్కర్నే చూశారు. ఆ తర్వాత తిరిగి స్తంభం వంక చూశారు. ఆయన ముఖంలోకి రంగొచ్చింది.

"అందరూ సరిగ్గా ఉన్నప్పుడు జబ్బు ఎవరికున్నట్టు? దీనికే" అన్నారు. "వంపుకీ చాపుకీ తేడా తెలీడం లేదు. కట్టెయ్యండి దీనికి. ఊళ్ళో అన్నింటికీ ఇదే జబ్బు పాకి ఉంటుంది, అన్నింటికీ కట్టెయ్యండి."

"ఎన్నాళ్ళకండీ?"

"నయమయ్యేదాకా."

మిగతా రోగులు బతుకుజీవుడా అని ఇళ్ళకు పరుగెత్తారు. అప్పన్నా, అతని మనుషులూ స్తంభం చుట్టూ గుడ్డ చుట్టి సిమెంటు పుయ్యడం మొదలుపెట్టారు. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూనే ఎప్పుడు ఏడుపులోకి దిగానో నాకే తెలీదు. పోలయ్య భుజం పట్టుకుని నిలబడ్డాను, భుజం నా విభాగం కాకపోయినా. సిమెంటు సగం ఎత్తుకు వచ్చి ఆగిపోయింది. అప్పన్న మనుషులు మునివేళ్ళ మీద లేచారు, ఎగిరారు, ఒకరి మోచెయ్యీ తిన్నగా లేవదు. పైన లైటు ఇంకా పచ్చగా వెలుగుతూనే ఉంది.

"ఇటివ్వండి" అని పోలయ్య ముందుకెళ్ళి తాపీ అందుకున్నాడు. చెయ్యి నిలువునా చాపి, చివరి అంచుదాకా తనే పూశాడు. అంత ఎత్తు అందే చెయ్యి ఆ హాల్లో ఆయనదొక్కటే.